తొంభై మైళ్ళ ఎవరేజ్

1961 జూన్ మొదటి వారంలో నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పశువుల దవాఖానాలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. హోదా పేరు ఇంత పొడవుంటుంది కాని, ఊళ్ళో అందరికీ నేను గొడ్ల డాక్టర్‌నే. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు, పెళ్ళయి పదకొండు నెలలు. దవాఖానాలో నా కింద ఒక కాంపౌండర్, ఒక అటెండర్, వీళ్ళకు తోడు ఒక సర్కారు మోటార్ సైకిల్. ఉద్యోగంలో బాగా గుర్తుండిపోయిందేమిటని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. అడ్డం తిరిగిన దూడను బయటికి లాగిన కథ చెప్తాననుకుంటారు. అవి చాలానే ఉన్నాయి. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం పెట్రోల్.

పశువుల డాక్టర్‌కు మోటార్ సైకిల్ ఎందుకిచ్చారో చెప్పాలి. ఆ రోజుల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారిని దేశంలోనే లేకుండా చేయాలని పెద్ద పథకం నడుస్తోంది. టీకా మందు పొడి రూపంలో చిన్న చిన్న సీసాల్లో వచ్చేది. దాన్ని ఐసులో పెట్టుకుని పోవాలి. ఉప్పునీళ్ళలో కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, లేదంటే అది ఉప్పునీళ్ళతో సమానం. ఐసు నిజామాబాద్ నుంచి పొద్దుటి బస్సులో, రంపపు పొట్టు కప్పుకుని వచ్చేది. దాన్ని పగలగొట్టి ఫ్లాస్కులో నింపుకుని, ఎండ ముదరకముందే ఊరు చేరాలి. బస్సు ఎప్పుడొస్తుందా అని రోడ్డు పక్కన నిలబడే డాక్టర్ వల్ల అయ్యే పని కాదది. అందుకని పథకం కింద టూర్లు తిరిగే డాక్టర్లకు తలా ఒక బండి ఇచ్చారు. మూడువందల యాభై సీసీ, ఒకటే సిలిండర్, ముదురాకుపచ్చ రంగు. ఊళ్ళలో దాన్ని ఫట్‌ఫటి అనేవారు. అది రెండు మైళ్ళ దూరంలో ఉండగానే పశువులను కట్టేసుకునేవారు, అంత చప్పుడు.

బండితో పాటు ఒక లాగ్ బుక్ వచ్చింది. సర్కారు బండి ఏదైనా దానికొక పుస్తకం ఉంటుంది. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏం పని మీద, బయల్దేరినప్పుడు మీటర్ మీద ఎంతుంది, చేరాక ఎంతుంది, ఎంత పెట్రోల్ తీసుకున్నారు, ఇవన్నీ వరుసగా గళ్ళు. నెలాఖరున మొత్తం మైళ్ళను మొత్తం గాలన్లతో భాగించి చివరి గడిలో వేయాలి. లీటర్లూ కిలోమీటర్లూ అప్పుడప్పుడే వస్తున్నాయి కాని మా పుస్తకానికి ఆ సంగతి ఇంకా తెలియదు. ఆ చివరి గడిని పుస్తకంలో సగటు అన్నారు. మెకానిక్కులు, బండి నడిపేవాళ్ళు మాత్రం ఎవరేజ్ అనేవారు. ఇప్పటికీ మా దిక్కున కొత్త బండి కొన్నవాడిని ముందు అడిగే మాట అదే, ఎవరేజ్ ఎంతిస్తది?

నా కోటా నెలకు పది గాలన్లు. హైవే మీద ఉన్న బంకులో ఇండెంట్ చీటీ ఇస్తే పెట్రోల్ పోసేవారు. ఆ చీటీ నకలు జిల్లా ఆఫీసుకు పోయేది. చీటీ మీద ఎంతుందో లాగ్ బుక్కులో అంతే ఉండాలి. ఈ ఒక్క ముక్క పాఠకులు గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

బండి సంగతులు నాకు నేర్పింది ఖాదర్ మియా. పాత బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆయన పని. నాకంటే పదేళ్ళు పెద్ద, నిజాం జమానాలో ఎవరో జాగీర్దారు మోటార్లు చూసినవాడు. నేను మొదటిసారి బండి తీసుకుపోయినప్పుడు ప్లగ్గు ఊడదీసి దాని మొన నా ముఖం ముందు పెట్టాడు.

"చూడుండ్రి డాక్టర్ సాబ్, నల్లగున్నది. అంటే మస్తు పెట్రోల్ తాగుతున్నది. తెల్లగుంటే ఆకలితో చస్తున్నట్టు, ఇంజన్ కాలిపోతది. బిస్కెట్ రంగుల ఉండాలె. పెండ్లాం పిల్లలు గల్ల మనిషి గట్ల నడుపుకోవాలె."

కార్బురేటర్‌లో సూది ఒకటి ఉంటుంది. అది ఎంత పైకి లేస్తే అంత పెట్రోల్ లోపలికి పోతుంది. ఖాదర్ మియా దాన్ని ఒక గాటు కిందికి దించాడు. టైర్లలో గాలి తగ్గనివ్వొద్దన్నాడు. ముప్పై మైళ్ళ వేగం దాటొద్దని, క్లచ్చు మీద చెయ్యి పెట్టి నడపొద్దని, బండి ఆపగానే టాంకు కింద పెట్రోల్ వదిలే నల్లా కట్టేయాలని చెప్పాడు. పసుపు సీజన్‌లో వారానికోసారి గాలి వడపోసే జాలీని కడగాలన్నాడు. అది ఆర్మూర్‌కే ప్రత్యేకమైన రోగం. మాఘం నుంచి మార్కెట్లో పసుపు కొమ్ములు కుప్పలు పోసి తిరగేస్తుంటే ఆ దుమ్ము ఊరంతా లేస్తుంది. జాలీ పసుపు పట్టేసి, గాలి ఆడక, బండి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. నా చొక్కాలు కూడా అప్పుడే పసుపెక్కేవి. ఈ జాగ్రత్తలన్నీ తీసుకుంటే గాలన్‌కు అరవై రెండు వచ్చే బండి డెబ్బై ఇచ్చింది. డెబ్బై దాటి ఒక్క గజం కూడా రాదని ఖాదర్ మియా మొదటిరోజే తేల్చి చెప్పాడు.

ఇక నా ఇంటి సంగతి. నా భార్య అనసూయ సిరికొండలో ప్రాథమిక పాఠశాల టీచర్. ఆర్మూర్ నుంచి భీంగల్ మీదుగా ఇరవై అయిదు మైళ్ళు. నా శాఖ వేరు, ఆమె శాఖ వేరు. నా బదిలీ చేసినవాళ్ళకు ఆమె ఎక్కడుందో అక్కర్లేదు, ఆమె పైవాళ్ళకు ఆర్మూర్‌లో ఖాళీ లేదు. ఆమెను ఉద్యోగం మానేయమని నా తరఫు పెద్దలు చెప్పారు. చదువుకుని సంపాదించుకున్న ఉద్యోగాన్ని నేను మానమని ఎట్లా అంటాను? అనలేదు. ఆమె తల్లిని తోడు పెట్టుకుని సిరికొండలో రెండు గదుల ఇంట్లో ఉండేది, నేను ఆర్మూర్‌లో దవాఖానా వెనక గదిలో వండుకుని తినేవాణ్ణి.

ఉన్నదల్లా శనివారం. ఆమెకు ఒంటిపూట బడి, నాకు మధ్యాహ్నం దాకా దవాఖానా. రెండింటికి బయల్దేరితే భీంగల్ దాకా కంకర రోడ్డు, అక్కడి నుంచి బండ్ల బాట. మోదుగు చెట్లు, మక్క చేన్లు, పసుపు మళ్ళు. వేగం ముప్పై దాటకూడదని ఖాదర్ మియా చెప్పిన నియమం ఆ ఒక్క రోజు నాకు శిక్షలాగా ఉండేది. అయినా దాటేవాణ్ణి కాదు. ఊరు ఇంకా కనబడకముందే చప్పుడు వినబడి ఆమె గడప మీదికి వచ్చి కూర్చునేది. నేను దిగి టాంకు నల్లా కట్టేసేదాకా మాట్లాడేది కాదు, నవ్వేది అంతే. అత్తమ్మకు నోరు కాస్త చురుకు. లోపలి నుంచే అనేది, "సర్కారోళ్ళ పెట్రోల్ పోసుకొని పెండ్లాన్ని చూడనీకొచ్చిండు అల్లుడు. రానియ్యి, నీళ్ళు పెట్టు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నేను పోస్తున్నది సర్కారు పెట్రోల్ కాదు. సిరికొండ నా పరిధిలోని ఊరే. ఆదివారం పొద్దున లేచేసరికి గడప ముందు బర్రెలు, ఎద్దులు కట్టి ఉండేవి. "వచ్చిన్రు గదా సాబ్, జర మాదాన్ని గూడ చూడుండ్రి" అనేవారు. కాబట్టి పుస్తకంలో సిరికొండ క్యాంపు అని రాస్తే అబద్ధం కాదు. కాని నేను ఇరవై అయిదు మైళ్ళు పోయింది ఆ బర్రెల కోసం కాదని నాకు తెలుసు కదా. అందుకని శనివారం పెట్రోల్ నా జీతంలోంచి కొనుక్కునేవాణ్ణి. నెలకు నాలుగు శనివారాలకు రానూ పోనూ రెండువందల మైళ్ళు, దానికి మూడు గాలన్లకు కాస్త తక్కువ. దానికి ఇండెంట్ చీటీ ఉండదు, అది నా సొంతం.

మరి మైళ్ళ మాటేమిటి? మీటర్ తిరుగుతుంది. సర్కారు బండ్లు నడిపిన వాళ్ళందరికీ దీనికొక ఉపాయం తెలుసు, మీటర్ వైరు ఊడదీసి, పని అయ్యాక మళ్ళీ బిగించడం. ఖాదర్ మియా కూడా అదే అన్నాడు, "అయిదు నిమిషాల పని సాబ్, ఫికర్ చెయ్యకుండ్రి." నేను కోప్పడ్డాను. దొంగపని చేయనన్నాను. మీటర్ మీద ఎన్ని మైళ్ళు తిరిగితే అన్నీ పుస్తకంలో రాశాను. చీటీ మీద ఎంత పెట్రోల్ తీసుకున్నానో అంతే రాశాను. రెండూ నిజాలే. ఆ రెండు నిజాలను భాగిస్తే వచ్చింది మాత్రం పచ్చి అబద్ధం. డ్యూటీ మైళ్ళు ఏడువందలు, శనివారం మైళ్ళు రెండువందలు, మొత్తం తొమ్మిదివందలు. పెట్రోల్ పది గాలన్లు. చివరి గడిలో తొంభై.

నేను చూడలేదంటే మీరు నమ్మొద్దు. మొదటి నెల చూశాను, ఇదేమిటి ఇట్లా వచ్చిందనుకున్నాను. ఎక్కడ రాయాలో తెలియలేదు. పుస్తకంలో సొంత పెట్రోల్‌కు గడి లేదు. అంచున చిన్న అక్షరాల్లో రాయొచ్చు, రాస్తే ఎందుకు పోశావు, ఎక్కడికి పోయావు అని అడుగుతారు. సర్కారు బండిని సొంతానికి వాడటం తప్పు, పెట్రోల్ ఎవరిదైనా సరే. శనివారాలు పోతాయని భయపడ్డాను. ఊరుకున్నాను. రెండో నెల కూడా తొంభై. మూడో నెలకు అది చూస్తే, చెప్పొద్దూ, కాస్త బాగానే అనిపించింది.

1962 జనవరి నెల మీటింగులో మా శాఖ జిల్లా అధికారి నన్ను లేచి నిలబడమన్నారు. జిల్లాలోని బండ్లన్నింటి సగటు అరవై దాటకపోతే ఆర్మూర్ బండి తొంభై ఇస్తోందని, ప్రభుత్వ ధనం పట్ల శ్రద్ధ అంటే ఇదని ప్రశంసించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక మెచ్చుకోలు లేఖ నా సర్వీసు పుస్తకంలో చేరింది. నేను తల వంచుకుని నిలబడ్డాను, అది వినయమనుకున్నారు. ఆ వారం సిరికొండలో అనసూయకు లేఖ చూపించాను. ఆమె రెండుసార్లు చదివి, పెట్టెలో తన సర్టిఫికెట్ల కింద దాచింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. ఆర్మూర్‌లో సాధ్యమైనది మిగతా చోట్ల ఎందుకు సాధ్యం కాదు? ఇకపై టూర్ బండ్లన్నింటికీ గాలన్‌కు తొంభై మైళ్ళ లెక్కనే పెట్రోల్. ఏడువందల మైళ్ళ టూర్‌కు ఎనిమిది గాలన్లు, అంతకు మించి చీటీ చెల్లదు. నాదీ అంతే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఎనిమిది గాలన్లతో ఏడువందల మైళ్ళు నా బండి ఎట్లా పోతుంది? నందిపేట దిక్కు గోదావరి ఒడ్డు ఊళ్ళు మానేద్దామా అంటే, ఏటికి అవతలి మందలు ఇటు దాటేది అక్కడే, రోగం వచ్చేదీ అక్కడే. మానలేదు. మార్చిలో డ్యూటీకి కూడా సొంత పెట్రోల్ పోశాను. నెలాఖరుకు ఇంకా వారం ఉండగా కాగితం మీద లెక్క వేసుకుంటే ఎవరేజ్ నూట పన్నెండు వచ్చేట్టుంది. నా మీద నాకే నవ్వొచ్చింది. పెట్రోల్ వాసన చూపిస్తే చాలు, నా బండి నిజామాబాద్ దాకా పోయి వస్తుందన్నమాట.

ఆ వారంలోనే బాన్సువాడ డాక్టర్ విఠల్‌రావు వచ్చాడు. నాకంటే పన్నెండేళ్ళ సీనియర్, బొద్దు మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఆ రోజు నవ్వలేదు. బస్సు దిగి వచ్చాడు, బండి మీద రాలేదు. ఎందుకంటే పెట్రోల్ లేదు.

"తమ్మీ, నీ బండిని జర నాకు చూపియ్యి" అన్నాడు. "నువ్వు తొంభై ఎట్ల తీస్తున్నవో నేర్చుకుందామని వచ్చిన. నాకు నల్లరేగడిల యాభై గూడ వస్తలేదు. పోయినవారం తండాకు పోతుంటె నడిమిట్ల ఆగిపోయింది. నాలుగు మైళ్ళు నూకిన. పోయేసరికి ఐసు నీళ్ళయింది, మందు ఖరాబైంది. మల్ల మందు తెచ్చేసరికి రోగం సొచ్చింది. ఎనిమిది గొడ్లు పోయినయ్. ఒక ముసలామెకు ఉన్నయే రెండెద్దులు, రెండూ పోయినయ్. నన్ను తిట్టలే. డాక్టర్ సాబ్, నీ బండి చెడిపోతె నువ్వేం చేస్తవు అన్నది. తిట్టినా బాగుండు."

అతన్నీ బండినీ ఖాదర్ మియా షెడ్డుకు తీసుకుపోయాను. పని ఎట్లా చేస్తారో చూపించమన్నాడు విఠల్‌రావు, పరీక్ష చేద్దామన్నాడు. బండి పరీక్షకు ఒక పద్ధతి ఉంది. టాంకు పూర్తిగా ఖాళీ చేసి, కొలిచి పావు గాలన్ పోసి, మంచి తారు రోడ్డు మీద రెండు మైలురాళ్ళ మధ్య అటూ ఇటూ ఆగిపోయేదాకా తిప్పాలి. నిజామాబాద్ రోడ్డు మీద తిప్పాం. నేనే నడిపాను, వేగం ముప్పై దాటకుండా. పదిహేడున్నర మైళ్ళకు ఆగిపోయింది. నాలుగుతో హెచ్చిస్తే డెబ్బై. విఠల్‌రావు వేళ్ళ మీద మళ్ళీ మళ్ళీ లెక్క వేశాడు. "మరి తొంభై?" అన్నాడు. ఖాదర్ మియా నేల చూపులు చూస్తూ స్పానర్లు తుడుచుకున్నాడు. ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నేనే చెప్పాలని ఊరుకున్నాడు.

చెప్పలేకపోయాను. పసుపు దుమ్ము పట్టిందేమో, ఇవాళ సరిగా నడవలేదేమో అన్నాను. విఠల్‌రావు నమ్మాడు. అదే నన్ను చంపింది. జాలీ ఎట్లా కడగాలో ఓపిగ్గా నేర్చుకుని, సాయంత్రం బస్సెక్కి పోయాడు.

ఆ శనివారం సిరికొండ పోయాను. అనసూయ వాకిట్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. పెట్రోల్ సొంతమని చెప్పినప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

"మీరు నా దగ్గరికి సొంత పెట్రోల్ మీద వస్తున్నరా? అమ్మ అన్ని మాటలంటుంటె ఎందుకు చెప్పలేదు?" అంది. నవ్వింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. తర్వాత తండా సంగతి చెప్పాను. నవ్వు పోయింది. ఇదంతా పైవాళ్ళకు రాసిస్తే ఏమవుతుందని అడిగింది. బదిలీ చేస్తారన్నాను. ఎంత దూరమంది. బండి మీద శనివారం వచ్చిపోలేనంత దూరం అన్నాను. చాలాసేపు బియ్యం ఏరుతూనే ఉంది. రాళ్ళు లేని బియ్యం కూడా ఏరింది.

"నాకైతే రాయొద్దనే ఉన్నది" అంది చివరికి. "రాయొద్దని నాతోని చెప్పియ్యకుండ్రి."

సోమవారం నిజామాబాద్ పోయి జిల్లా అధికారిని కలిశాను. ఆయన చెడ్డవారేమీ కాదు. అంతా విని, తలుపు దగ్గరికి వేయించారు. నీ కోటా మళ్ళీ పది చేస్తాను, ఇకనుంచి పుస్తకం జాగ్రత్తగా రాసుకో, ఈ మాట ఇక్కడితో మరిచిపోదాం అన్నారు. మరి బాన్సువాడ కోటా అని అడిగాను. ఉత్తర్వు నకలు హైదరాబాద్‌కు పోయిందని, కారణం చూపకుండా రద్దు చేయడం కుదరదని, కారణం చూపించాలంటే నా రాతపూర్వక ఒప్పుకోలు తప్ప మరొకటి లేదని చెప్పారు. సాయంత్రం దాకా ఆలోచించుకోమన్నారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, నేను ఆ బెంచీ మీద తండా గురించి ఆలోచించినదానికంటే శనివారం గురించే ఎక్కువ ఆలోచించాను. ఊరుకుంటే శనివారాలు నావి. ఎవరికీ తెలియదు. ఖాదర్ మియా చెప్పడు, అనసూయ చెప్పదు. కాని విఠల్‌రావు జాలీ కడుక్కుంటూ ఉంటాడు, అది ఎంత కడిగినా తొంభై రాదు, తప్పు తనదే అనుకుంటాడు.

కాగితం అడిగి రాశాను. హెడ్ క్లర్కు అనుభవం గల మనిషి, నా మీద జాలిపడి, ప్రయాణ కారణం దగ్గర స్వంత పనులు అని రాస్తే చాలన్నాడు, మిగతాది ఎవరూ అడగరన్నాడు. ఇంతవరకూ గడుల్లో పట్టే నిజాలు రాసే ఇక్కడిదాకా వచ్చాను. అందుకని ఉన్నదున్నట్టు రాశాను. ప్రతి శనివారం నా భార్యను చూడటానికి పోయాను, ఆ మైళ్ళకు పెట్రోల్ నేను కొన్నాను, తొంభై అనే అంకె ఈ బండిది కాదు.

ఏప్రిల్‌లో తొంభై మైళ్ళ ఉత్తర్వు రద్దయింది. ఎవరి రోడ్డును బట్టి వారికి పాత కోటాలు వచ్చాయి. మెచ్చుకోలు లేఖను వెనక్కి తీసుకున్నట్టు ఇంకో లేఖ వచ్చింది. మే నెలలో నన్ను మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేటకు వేశారు. బండి ఆర్మూర్‌లోనే కొత్త డాక్టర్‌కు అప్పగించాలి. అప్పగించే ముందు శనివారం ఆఖరుసారి సిరికొండ పోయాను. ఖాదర్ మియా తానే టాంకు నింపాడు, పైసలు తీసుకోలేదు. ఆ రోజు ముప్పై లేదు, నలభై లేదు, బండి ఎంత పోతే అంత పోనిచ్చాను. భీంగల్ దాటాక బాట మీద ఎగిరెగిరి పడ్డాను. అరగంట ముందు చేరాను. ఆమె ఇంకా గడప మీదికి రాలేదు. తలారా స్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ, ఇంత తొందరగా వచ్చారేమని కంగారుపడింది.

అచ్చంపేట నుంచి సిరికొండకు నాలుగు బస్సులు మారాలి, రెండు రోజుల ప్రయాణం. ఏటా దసరాకు ఒకసారి, ఎండాకాలం సెలవులకు ఒకసారి కలుసుకునేవాళ్ళం. మధ్యలో ఉత్తరాలు. ఆమె చేతిరాత బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఉండేది, బడి పిల్లల సంగతులు, వానల సంగతులు రాసేది, తన సంగతి రాసేది కాదు. 1967లో ఇద్దరికీ కామారెడ్డి దొరికింది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మొదటి శనివారం సాయంత్రం నేను లోపల పేపర్ చదువుకుంటున్నాను. ఎంతసేపైనా ఆమె అలికిడి లేదు. చూస్తే గడప మీద కూర్చుని ఉంది, రోడ్డు దిక్కు చూస్తూ. నేను ఇంట్లోనే ఉన్నాను కదా అన్నాను. తెలుసు, అలవాటైపోయింది అంది. ఆ అలవాటు పోవడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడామె లేదు. పోయి నాలుగేళ్ళయింది. ముప్పై ఆరేళ్ళు కలిసే ఉన్నాం, పిల్లలను చదివించాం, దేనికీ లోటు లేదు. అయినా ఆ అయిదేళ్ళు నాకు కావాలి. అచ్చంపేట గదిలో ఒక్కడినే వండుకుని తిన్న ఆ శనివారాలన్నీ నాకు తిరిగి కావాలి. రాయకపోయి ఉంటే బాగుండేదా అంటే, అనలేను. కావాలి అని మాత్రం అనగలను.

తర్వాత నేను డిప్యూటీ డైరెక్టర్‌నయ్యాను, నాలుగు జిల్లాల లాగ్ బుక్కులు నా ముందుకు వచ్చేవి. తనిఖీలో అందరూ ఎవరేజ్ తక్కువున్న పుస్తకాన్ని పట్టుకుంటారు, పెట్రోల్ దొంగ దొరుకుతాడని. నేను ఎక్కువున్న పుస్తకాన్ని ముందు తీసేవాణ్ణి. ఒకసారి ఆదిలాబాద్ దిక్కున ఒక డాక్టర్ బండి అడవి బాటల్లో కూడా జిల్లాలో అందరికంటే ఎక్కువిస్తోంది. అతన్ని పిలిచి, మీ ఇంటావిడ ఎక్కడుందని అడిగాను. రోడ్డు బాగుంటుంది సార్ అన్నాడు ముందు. నేను మళ్ళీ అడిగాను. ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల నర్సుగా చేస్తోంది సార్ అన్నాడు. సొంత పెట్రోల్‌కు ఒక గడి గీయించి, అతను పోసినదంతా అందులో రాయించాను. వాళ్ళిద్దరినీ ఒక చోట వేయమని నా శాఖకూ ఆమె శాఖకూ రాశాను. ఏడాదిన్నర పట్టింది, వేశారు.

ఈ ఉదంతం నాకు నేర్పింది పెద్ద విషయమేమీ కాదు. ఏ లెక్కయినా మరీ బాగుందంటే, దానిలో ఎవరో బయటి నుంచి తెచ్చి పోస్తున్నారు. మెచ్చుకునే ముందు ఆ మనిషెవరో, ఎందుకు పోస్తున్నారో అడగాలి. నన్ను ఎవరూ అడగలేదు.